అధ్యాయం 7: నడుమ బిగువు, అంచున వదులు

శ్రావణం వచ్చేసరికి బందరులో పాత ఇళ్ల తలుపులు మొరాయిస్తాయి. వేసవిలో వేలితో తోస్తే మూసుకున్న తలుపే వానల్లో భుజం ఆనించి నెట్టినా కదలదు. తొందరపడి వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించినవాళ్లకు మళ్లీ చైత్రంలో ఆ సందులోంచి వీధి కనిపిస్తుంది. తెలిసినవాళ్లు రెండు నెలలు ఓర్చుకుంటారు. చెక్క గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, గాలి ఆరితే ఆ చెమ్మను వదిలి సన్నబడుతుంది. చెట్టు కొట్టి వందేళ్లయినా ఆ గుణం పోదు.

ఈ అధ్యాయంలో మీకు ఒక పని అప్పగిస్తున్నాను. మన ప్రాంతపు గట్టి కలపతో, మందపాటి పలకలతో, ఆరుగురు కూర్చునే భోజనం బల్ల చేయించండి. చేతనైతే సగం పని మీరే చేయండి. వ్యక్తిత్వ వికాసానికి, వడ్రంగానికి ఏమిటి సంబంధం అంటారా? పట్టుదల ఉండాలని మనకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. ఎక్కడ పట్టు పట్టాలో, ఎక్కడ విడవాలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. డెబ్బై కిలోల తుమ్మ పలక ఆ తేడా చెబుతుంది, మొహమాటం లేకుండా చెబుతుంది. వదలాల్సిన చోట బిగిస్తే చీలిపోతుంది. బిగించాల్సిన చోట వదిలితే ఊగుతుంది.

కొలతతో మొదలు

చాలామంది ముందు కలప కొని, తర్వాత బల్ల గురించి ఆలోచిస్తారు. మీరు టేపు పట్టుకుని ఇంట్లోంచి మొదలుపెట్టండి.

బల్ల ఎత్తు 30 అంగుళాలు. కుర్చీలో కూర్చునే చోటు 17, 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. బల్ల కింద మోకాళ్లకు 24 అంగుళాలకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. మందపాటి పలక మీద మోజుతో ఈ ఖాళీని మరిచిపోతే తొడలు కొట్టుకుంటాయి. మనిషికి 24 అంగుళాల జాగా అని ఫర్నిచర్ లెక్క. కంచాలకు అది చాలు. పండక్కి అరిటాకులు వేసి వడ్డించే ఇల్లయితే ఆకుకు 28 అంగుళాలు వదలండి. ఒక్కో వైపు ముగ్గురనుకుంటే ఆరడుగుల బల్ల ఏడడుగులవుతుంది. వెడల్పు మూడడుగులుంటే ఎదురెదురుగా ఆకులు వేశాక మధ్యలో పప్పు గిన్నెకూ పులుసు గిన్నెకూ చోటు మిగులుతుంది.

ఇక బరువు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం అంటే 3 ఘనపుటడుగుల చెక్క. బాగా ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది, నల్లతుమ్మ 22, 23 కిలోలు. అంటే పై పలక ఒక్కటే టేకులో 55 కిలోలు, తుమ్మలో 70 కిలోల దాకా. కాళ్లు, చట్రం దీనికి అదనం. పచ్చి పలకైతే ఇంకా చాలా బరువు. ఒకటిన్నర అంగుళం మందంతో చేసిన బల్ల కూడా మనవల దాకా ఉంటుంది. మూడంగుళాల మందం చూసేవాళ్ల కోసమే.

గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోతు కొలిచి కాగితం మీద రాసుకోండి. గుడివాడలో మూడో అంతస్తు ఫ్లాటుకు చేర్చాల్సిన బల్లకు కాళ్లు బోల్టులతో ఊడదీసేలా ఉండాలి. ఈ నిర్ణయం దుంగ కోయక ముందే జరగాలి.

మన చుట్టూ ఉన్న మాను

డెల్టా అడవి ప్రాంతం కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి నేల చాలావరకు వరిమడి అయింది. పెద్ద మాను ఉండేది చేలగట్టున, చెరువుగట్టున, రోడ్డు పక్కన, గుడి ముంగిట.

నల్లతుమ్మ మన రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నాగలి, బండి చక్రం, ఇరుసు అన్నీ దానితోనే చేసేవాళ్లు. ఎర్రటి గోధుమరంగు చేవ, ఉలి మొద్దుబారేంత గట్టి. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు మాత్రం పురుగు తొందరగా పడుతుంది, దాన్ని తీసేయాలి. వేపకు పురుగు భయం తక్కువ, కానీ దాని నార మెలిపడి ఉంటుంది. చిత్రిక ఒకవైపు నునుపుగా సాగితే మరోవైపు పేడు లేపుతుంది. చింత చేవ ముదురు రంగులో, రాయిలా ఉంటుంది. మాంసం కొట్టే మొద్దు చింతది కావడానికి కారణం అదే. అయితే పెద్ద మానులో కూడా ఆ చేవ కొంచెమే, వెడల్పు పలక దొరకడం కష్టం. గంగరావి సముద్రపు గాలికి అలవాటుపడిన చెట్టు, చాక్లెట్ రంగు చేవ, పని చేయడానికి సులువు. పనస తేలిక, కోసినప్పుడు పసుపుగా ఉండి వెలుగు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. నూజివీడులోనూ బొబ్బిలిలోనూ వీణ చెక్కేది ఈ పనసతోనే. రోడ్ల పక్క గొడుగులా పరుచుకునే నిద్రగన్నేరు మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. వెడల్పాటి పలకలు కావాలంటే మాత్రం ఎక్కువగా దొరికేది అదే. తుమ్మంత గట్టిది కాదు, తుమ్మంత మొండిదీ కాదు.

తాడి దూలం ఇంటి కప్పుకు గొప్పదే గాని బల్లకు పనికిరాదు. దాని బలమంతా బయటి పొరలో ఉంటుంది, లోపల మెత్తన. నాగాయలంక, హంసలదీవి వైపు కనిపించే మడ చెట్ల జోలికి అసలు పోవద్దు. ఆ అడవి కృష్ణా అభయారణ్యంలో భాగం, నరకడం నేరం. ఉప్పెన వచ్చినప్పుడు ఊళ్ల కన్నా ముందు ఎదురు నిలిచేది అదే.

ఈ తీరంలో తుపానులు కూడా చెట్లు పడగొడతాయి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసిన ఉప్పెన, 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెనుతుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్. ఇలాంటి గాలి వచ్చిన ప్రతిసారీ మానులు కూలతాయి, ఎక్కువ భాగం పొయ్యిలోకి పోతాయి. బతికున్న చెట్టు మీద గొడ్డలి వేయకుండా పలకలు సంపాదించడానికి ఇది మంచి దారి. రెండు జాగ్రత్తలు తీసుకోండి. గాలికి మెలితిరిగి విరిగిన మానులో పైకి కనపడని అడ్డపగుళ్లు ఉండవచ్చు. రోడ్డు పక్క చెట్టుకైతే ఏళ్ల తరబడి బోర్డులు కొట్టిన మేకులు లోపల పూడుకుపోయి ఉంటాయి, కోతమిల్లు వాళ్లు భయపడేది వాటికే.

కూలినంత మాత్రాన చెట్టు ఊరికే వచ్చేది కాదు. రోడ్డుదైతే రోడ్లు భవనాల శాఖది, ఊరిదైతే పంచాయతీది. వేలంలో కొని రసీదు తీసుకోవాలి. మీ దొడ్లో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వర్తిస్తుంది. కలపను బండికెత్తాలంటే అటవీశాఖ రవాణా అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీ చెట్టుకు ఉందో లేదో అటవీ రేంజి ఆఫీసులో అడగండి. ఈ పనిలో మొదటి బిగువు ఇదే, కాగితం లేకుండా రంపం కదలకూడదు.

ఆరడానికి పట్టే కాలం

దుంగను పలకలుగా కోయించేటప్పుడు రెండంగుళాల బల్లకు రెండున్నర అంగుళాల మందం అడగండి. ఆరేటప్పుడు వంగుతుంది, చిత్రికలో కొంత పోతుంది. దుంగ నడిబొడ్డు పడిన పలకను బల్లకు వాడవద్దు. అది బీట తీసి తీరుతుంది. దాన్ని నిలువుగా చీల్చి కాళ్లకు, అడ్డపట్టెలకు వాడుకోండి.

అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరబెట్టాలన్నది పాత లెక్క. రెండున్నర అంగుళాల పలకకు రెండేళ్ల పైమాటే. కోసిన రోజే పలకల తలలకు పాత పెయింటో, మైనమో దట్టంగా పట్టించండి. చెమ్మ ఎక్కువగా పారిపోయేది తలల్లోంచే, బీట మొదలయ్యేదీ అక్కడే. నేల నుంచి అడుగున్నర ఎత్తున, రేకుల షెడ్డు నీడలో పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చండి. ప్రతి రెండింటి మధ్య రెండడుగులకొకటి చొప్పున అంగుళం మందం బద్దలు పెట్టండి. పై వరస బద్ద కింది వరస బద్దకు సూటిగా ఉండాలి, లేకపోతే పలక అక్కడ వంగుతుంది. పైన రాళ్లు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి తగిలే వైపు గోనెపట్టా కట్టండి. ఆ రెండు నెలల్లో మితిమీరి ఆరిన పలక పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తర్వాత పగులుతుంది. తుమ్మ దుంగను, తాటి దూలాన్ని కొన్ని వారాలు చెరువులో నానేసి తీసే పాత అలవాటుకు కూడా అర్థం ఉంది. చెక్కలోని పిండిపదార్థం నీటిలో కరిగిపోతే పురుగుకు మేత తగ్గుతుంది.

ఎప్పటికి ఆరినట్టు? పలకల మధ్య ఒక చిన్న ముక్క ఉంచి నెలకోసారి తూచండి. వరసగా మూడు నెలలు బరువు మారకపోతే అది మన గాలితో రాజీపడినట్టే. బందరు వంటి తీరంలో అలా ఆరిన చెక్కలో 14, 15 శాతం దాకా చెమ్మ మిగిలే ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, ఎక్కడ కలప ఎంత ఆరాలో ఐఎస్ 287లో చెప్పింది కూడా. ఇది పుస్తకాల లెక్క అనుకోవద్దు. దివిసీమలో ఆరిన పలకతో బల్ల చేయించి హైదరాబాద్‌లో ఏసీ గదికి పంపితే అది ఇంకా సన్నబడుతుంది. చలికాలమంతా హీటర్ నడిచే డల్లాస్ ఇంట్లో చెక్క చెమ్మ 6, 8 శాతానికి పడిపోతుంది. అమ్మాయికో అబ్బాయికో ప్రేమతో పంపిన బల్ల అక్కడ నెల తిరక్కుండా చప్పుడు చేసి చీలడానికి కారణం పనితనం లోపం కాకపోవచ్చు. బల్ల ఏ ఇంట్లో బతకబోతోందో ముందే చెబితే మేస్త్రి దానికి తగ్గట్టు బట్టీలో ఆరబెట్టిన కలప వెతుకుతాడు.

రెండేళ్లు ఆగలేమనుకునేవాళ్లు అడితిలో ఆరిన కలప కొనవచ్చు. అప్పుడు తేమ చూసే మీటరు వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడి మాటకు, మీటరు అంకెకు తేడా వస్తే అంకెనే నమ్మండి.

బిగువు, వదులు

ఇప్పుడు అసలు విషయం. చెక్క పొడవున దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. అందులోనూ వలయాల వెంట తగ్గే కొలత, వలయాలకు అడ్డంగా తగ్గే కొలతకు సుమారు రెట్టింపు ఉంటుంది. అందుకే పలక ఆరేటప్పుడు బెరడు వైపు దోనెలా లేస్తుంది. మూడడుగుల వెడల్పు బల్ల ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య పావు అంగుళం నుంచి అరంగుళం దాకా పెరిగి తగ్గుతుంది. రేగడి నేల చైత్రంలో నెర్రెలు విచ్చి భాద్రపదంలో పూడినట్టే ఇదీ. రేగడిలో ఇల్లు కట్టేవాడు నేల కదలకుండా ఆపలేడు, కదిలినా ఇల్లు నిలిచేలా పునాది వేస్తాడు.

మన పాత వడ్రంగులకు ఈ సంగతి బాగా తెలుసు. పాత తలుపు రెక్కను దగ్గరగా చూడండి. చుట్టూ ఉన్న చట్రం అతుకులు బిగదీసి, చెక్క మేకులు కొట్టి ఉంటాయి. మధ్యలోని పలక మాత్రం చట్రం గాడిలో జిగురు లేకుండా కూర్చుని ఉంటుంది. వానల్లో ఉబ్బితే గాడిలోకి జరుగుతుంది, వేసవిలో సన్నబడితే వెనక్కి వస్తుంది. బండి చక్రం చేసేవాళ్లు ఇదే గుణాన్ని పనికి వాడుకున్నారు. ఎండలకు చెక్క సన్నబడి ఇనుప పట్టా వదులైతే చక్రాన్ని కాలవ నీళ్లలో నానేసేవాళ్లు. చెక్క ఉబ్బి పట్టాను తానే పట్టుకునేది.

భోజనం బల్లకు ఆ పాఠం ఇలా వర్తిస్తుంది.

బిగించాల్సింది కాళ్లకూ చట్రానికీ మధ్య అతుకు. కాలిలో రంధ్రం తొలిచి, చట్రం పట్టె చివర నాలుకలా చెక్కి, జిగురు పూసి దూర్చి, అడ్డంగా చెక్క మేకు కొట్టాలి. ఇక్కడ రవ్వంత సందున్నా బల్ల ఊగుతుంది, ఊగిన కొద్దీ సందు పెరుగుతుంది. ఊడదీసే బల్లయితే ఒక్కో కాలికి రెండేసి బోల్టులు. ఒక్క బోల్టు మీద కాలు తిరుగుతుంది. పలకల్ని అంచుకు అంచు అతికించేటప్పుడు కూడా బిగువే కావాలి. నార వెంట అతికిన అంచులు కలిసే కదులుతాయి, విడిపోవు.

వదలాల్సింది పై పలకకూ చట్రానికీ మధ్య ఉన్న సంబంధం. పలక అడుగున మూడు అడ్డపట్టెలు వేయించండి. ఒక్కో పట్టెలో సరిగ్గా నడుమ ఒక స్క్రూ గుండ్రటి రంధ్రంలో బిగించండి. అంచుల వైపు స్క్రూలకు పలక వెడల్పు దిక్కున అరంగుళం పొడుగున్న రంధ్రాలు తొలిపించి, వాషరు వేసి, కదిలేంత పట్టు మాత్రమే ఇవ్వండి. పలకకు నడుమ చోటు మారదు, అంచులు రెండు వైపులా సమంగా కదులుతాయి. అడ్డపట్టెలకు జిగురు వద్దు. పలక తలలకు అందం కోసం అడ్డంగా చెక్క అతికించి జిగురు పెట్టే పని అసలే వద్దు. పొడవున కదలని చెక్కకూ అడ్డంగా కదిలే చెక్కకూ జిగురుతో ముడిపెడితే ఏదో ఒకటి చీలాలి.

మేకులు, స్క్రూలు ఇత్తడివో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపడుతుంది. పైగా తుమ్మలో తోలు పదును చేసే వగరు గుణం ఉంది. దానికి ఇనుము, తడి తగిలితే చెక్క నల్లబడుతుంది. తడి ఇనప మూకుడు బల్ల మీద పెట్టినా అంతే.

బీట కనిపిస్తే

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని పలకలు బీట తీస్తాయి. మొత్తం పలకల్ని బల్లలుగా మలిచి ప్రపంచానికి చూపించిన జార్జ్ నకషిమా బీటను దాచేవారు కాదు. నడుము సన్నగా, రెండు చివరలా వెడల్పుగా ఉండే గట్టి చెక్క ముక్కను బీటకు అడ్డంగా పొదిగి, బీట ఇక సాగకుండా ఆపేవారు. ఆయనకు మన దక్షిణాదితో సంబంధం ఉంది. 1930ల చివర పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతిగృహ నిర్మాణం చూసుకోవడానికి వచ్చి కొన్నాళ్లు ఆశ్రమంలోనే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతివారిని నిర్బంధించినప్పుడు ఆయన్నీ కుటుంబంతో సహా ఇడాహోలోని మినిడోకా శిబిరానికి పంపింది. అక్కడ పరిచయమైన ఒక జపనీస్ వడ్రంగి దగ్గర, దొరికిన చెక్కలతోనే, చేతి పనిముట్లతో సంప్రదాయ అతుకులు నేర్చుకున్నారు. శిబిరం కంచె ఆయన చేతిలో లేదు. ఆ రోజుల్లో చేతికి ఏం నేర్పాలన్నది ఆయన చేతిలోనే ఉంది.

బీటల్లో రంగు రెజిన్ పోసి నదిలా కనిపించేలా చేసే ఫ్యాషన్ ఇప్పుడు బాగా ఉంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ రెజిన్ చెక్కలా కదలదు. సరిగా ఆరని పలకలో పోస్తే ఏడాదిలోపే చెక్క దాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. ముందు ఆరబెట్టండి, ఫ్యాషన్ సంగతి తర్వాత చూడవచ్చు.

మేస్త్రితో ఒప్పందం

పొడుగు రంధ్రం సంగతి చెప్పగానే కొందరు మేస్త్రీలు ఒప్పుకోరు. సంభాషణ ఇలా సాగుతుంది.

"వదులుగా పెడితే ఊగుద్దండీ. రేపు నన్నంటారు."

"ఊగేది కాళ్ల దగ్గర కదా ఆచారి గారూ. అక్కడ మీరు ఎంత బిగించినా నేను కాదనను. పైన మాత్రం జరగనివ్వండి."

"జిగురెట్టి నాలుగు స్క్రూలు దిగ్గొడితే వందేళ్లు కదలదండి."

"పాత తలుపు పలకకు మీ పెద్దవాళ్లు జిగురెందుకు పెట్టలేదంటారు?"

ఈ ప్రశ్న దగ్గర మంచి పనివాడు నవ్వుతాడు. తన పనిలోనే ఉన్న జ్ఞానాన్ని గుర్తు చేశారు గాని, పుస్తకం చదివి పాఠం చెప్పలేదు కదా. వాదనలో గెలిచే తీరు కూడా ఇక్కడ నేర్చుకోవచ్చు. ఎదుటివాడికి తెలిసినదాని మీద నిలబడి మాట్లాడితే సగం దూరం ఆయనే నడిచి వస్తాడు.

కూలి విషయంలో గుత్తకిస్తే తొందర, రోజుకూలీకిస్తే సాగదీత అని మనందరికీ అనుభవమే. పనిని నాలుగు మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకు ఇంతని మాట్లాడుకోండి. మొదటిది పలకల చిత్రిక, అతుకు. రెండోది కాళ్లు, చట్రం. మూడోది జోడింపు. నాలుగోది పూత. అతుకుల పద్ధతి, మొత్తం సొమ్ము ఈ రెండిటినీ కాగితం మీద గట్టిగా రాసుకోండి. తేదీని మాత్రం పట్టుకుని వేలాడవద్దు. ముసురు పట్టిన వారంలో జిగురు ఆరదు, పాలిష్ తెల్లబారుతుంది. ఆ రోజుల్లో పని ఆపే స్వేచ్ఛ మేస్త్రికి ఉండాలి.

పూత, వాడకం

ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 దాకా, ఎప్పుడూ నార వెంటే రుద్దండి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి, గట్టి కలప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అవిసె నూనె పూస్తే చెక్క రంగు లోతుగా కనిపిస్తుంది. గీతపడితే మీరే మళ్లీ రుద్ది పూసుకోవచ్చు. అయితే పసుపు మరకకు, వేడి గిన్నెకు అది అంతగా ఆగదు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయవద్దు, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టండి. చేపల పులుసు, చారు రోజూ ఒలికే ఇంట్లో పీయూ పాలిష్ నయం, కానీ అది దెబ్బతింటే మళ్లీ పాలిష్ మనిషిని పిలవాలి. ఏది పూసినా బల్ల పైన ఎన్ని పూతలో అడుగునా అన్నే పూతలు వేయించండి. పైన మాత్రమే పూస్తే అడుగు వైపు చెమ్మ పీల్చి పలక వంగుతుంది. కాళ్ల అడుగులకు రెండు పూతలు ఎక్కువ వేసి, రబ్బరు బిళ్లలు కొట్టించండి. రోజూ తడిగుడ్డతో తుడిచే గచ్చు మీద కాలి అడుగే ముందు పాడవుతుంది.

బల్ల నుంచి ఇంట్లోకి

ఇప్పటిదాకా చేసిందంతా రెండు ప్రశ్నలుగా కుదించవచ్చు. ఏది కదిలితే మొత్తం ఊగుతుంది? ఏది కదలకపోతే మొత్తం చీలుతుంది? ఏ పెద్ద పనికైనా ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఈ బల్లనే తీసుకోండి. ఇంటిల్లిపాదీ కలిసి తినాలని చేయించుకున్నాం. రాత్రి ఎనిమిదింటికల్లా అందరూ బల్ల దగ్గర ఉండాలని ఇంటి పెద్ద హుకుం జారీ చేస్తే ఏమవుతుంది? ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల, కొట్టు కట్టేసి వచ్చే కొడుకు, సీరియల్ చూసే అత్తగారు తలోదారిన నలిగిపోతారు. నెల తిరక్కుండా బల్ల మీద ఇస్త్రీ బట్టలు చేరతాయి. నడుమ స్క్రూ ఏదో ఎంచుకోవాలి. వారంలో నాలుగు రాత్రులు అందరం కలిసి తింటాం, ఇది బిగువు. ఏ నాలుగు, ఎన్నింటికి, ఏం వండాలి, ఇవి వదులు. కలిసి తినడం నిలుస్తుంది, దాని చుట్టూ రోజులు జరుగుతాయి.

ఉద్యోగం మానేసి గుడివాడలో కొట్టు పెట్టాలనుకునే కుర్రాడికీ ఇదే లెక్క. అప్పు పరిమితి దాటకూడదు, సరుకు నాణ్యత తగ్గకూడదు. ఈ రెండూ కదిలితే కొట్టు ఊగుతుంది. కొట్టు పేరు, అమ్మే వస్తువుల జాబితా, తెరిచి ఉంచే వేళలు ఏడాదికేడాది మారాల్సినవి. చాలామంది తిరగేసి చేస్తారు. అనుకున్న వస్తువే అమ్ముతానని భీష్మించుకుని, దాని కోసం అప్పు పరిమితి దాటేస్తారు. పట్టుదల తక్కువై కాదు, పట్టు తప్పు చోట పడి నష్టపోతారు.

ఈ అధ్యాయం పని

1. ఒక కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేయండి. మీ చేతిలో ఉన్న పెద్ద పని ఏదైనా తీసుకుని కదలకూడనివి ఎడమ గడిలో, కదలాల్సినవి కుడి గడిలో రాయండి. ఎడమ గడిలో మూడుకు మించితే మళ్లీ ఆలోచించండి. స్క్రూలన్నీ బిగించే మేస్త్రిలా పని చేస్తున్నారన్నమాట.

2. ఇంట్లో పనికి సంబంధించినవాళ్లకు ఆ కాగితం చూపించండి. ఏ గడిలో ఏది ఉండాలో వాళ్ల చేత మార్పించండి. మీకు వదులనిపించింది వాళ్లకు బిగువు కావచ్చు.

3. బల్ల చేయించదలచినవాళ్లు ఈ వారమే గుమ్మం, మెట్ల మలుపు కొలిచి, దగ్గరలోని అడితికి వెళ్లి తుమ్మ, గంగరావి, నిద్రగన్నేరు ముక్కలు చేత్తో ఎత్తి చూడండి. ఏదీ కొనవద్దు. బరువు చేతికి తెలిశాక ఎంత మందం కావాలో మీరే సరిగా చెబుతారు.

4. ఆరు నెలల తర్వాత కాగితం మళ్లీ తీయండి. కుడి గడిలోవి ఎంత కదిలాయో, ఎడమ గడిలోవి నిలిచాయో లేదో రాసుకోండి. కుడి వైపు ఏదీ కదలకపోతే అక్కడ జిగురు పడిందని అర్థం, ఊడదీయండి. ఎడమ వైపు ఏదైనా కదిలితే పని ఆపి ముందు ఆ అతుకు బిగించండి. రెండూ సరిగా ఉంటే తర్వాతి పని ఎత్తుకోవచ్చు.